ఒక్క అక్షరం తేడాతో డొమైన్ కొంటే లాభమా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నిజామాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం. పేరున్న వెబ్‌సైట్ల స్పెల్లింగ్‌లో ఒక అక్షరం అటూ ఇటూ చేసి ఆ డొమైన్లు (వెబ్ చిరునామాలు) ముందే కొనిపెట్టుకుంటే, తర్వాత ఆ కంపెనీలే లక్షలు ఇచ్చి కొనుక్కుంటాయని ఒక వీడియోలో చెప్పారు. ఇప్పటికి ఆరు కొన్నాను. ఒక బ్యాంకు పేరులో అక్షరం తగ్గించి ఒకటి, ఆన్‌లైన్ మందుల దుకాణం పేరులో అక్షరం రెట్టించి ఒకటి, ఒక షాపింగ్ సైటు పేరుతో రెండు, 'హైదరాబాద్ అకామడేషన్' అని ఒక ఎమ్ తగ్గించి ఒకటి, 'తిరుపతి ట్యాక్సీ' అని తిరుపతిలో రెండో టి పక్కన హెచ్ చేర్చి ఒకటి. అన్నీ డాట్ కామ్‌లే. ఇంకో యాభై వేలు పెట్టి నలభై కొందామని జాబితా రాసుకున్నాను. కొనమంటారా?

సమాధానం: ఆ నలభై కొనకండి. చేతిలో ఉన్న ఆరింటిలో మొదటి నాలుగు ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిది. ఐదోది ఉంచుకున్నా తప్పు లేదు, కానీ అమ్ముడుపోతుందని ఆశ పెట్టుకోవద్దు. ఆరోదానిలో మాత్రం కొంచెం పస ఉంది, అదీ మీరు అనుకుంటున్న కారణానికి కాదు.

ముందు ఆ నాలుగింటి సంగతి. బ్యాంకు పేరును తప్పుగా రాస్తే వచ్చే డొమైన్ ఎవరికి కావాలి? ఆ బ్యాంకుకు కావాలి, లేదంటే దొంగకు. దొంగకు మీరు అమ్మరు. మిగిలిన ఆ ఒక్క కొనుగోలుదారుడికేమో మీకు డబ్బు ఇవ్వకుండానే దాన్ని తీసుకునే దారి ఉంది. వీడియోలో చెప్పకుండా వదిలేసింది ఈ ముక్కే.

డొమైన్ కొనేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని టిక్ పెట్టి ఉంటారు. ఆ ఒప్పందంలోనే మీరు యూడీఆర్పీ అనే వివాద పరిష్కార విధానానికి కట్టుబడ్డారు. డొమైన్ వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన నిబంధన ఇది. కంపెనీ మూడు విషయాలు చూపిస్తే చాలు. ఒకటి, మీ డొమైన్ తన ట్రేడ్‌మార్క్‌తో పొరబడేంత దగ్గరగా ఉందని. రెండు, ఆ పేరు మీద మీకు హక్కుగానీ న్యాయమైన అవసరంగానీ లేదని. మూడు, దాన్ని దురుద్దేశంతో రిజిస్టర్ చేసి వాడుతున్నారని. అక్షరం తప్పిన పేర్ల విషయంలో మొదటిది వాదించాల్సిన పనే ఉండదు, ఎందుకంటే పొరబడాలనే కదా ఆ అక్షరం మార్చింది. రెండోదానికి మీ దగ్గర జవాబు లేదు. ఇక మూడోది. ఖర్చులకు మించిన ధరకు ట్రేడ్‌మార్క్ యజమానికి అమ్మే ఉద్దేశంతో కొనడమే దురుద్దేశానికి రుజువని ఆ నిబంధనలోనే రాసి ఉంది. అంటే మీరు కంపెనీకి 'రెండు లక్షలకు ఇస్తాను' అని మెయిల్ పంపిన రోజున వాళ్ల సాక్ష్యాన్ని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు.

'కేసు వేయడానికి వాళ్లకూ ఖర్చవుతుంది కదా, అంతకంటే తక్కువ అడిగితే ఇచ్చేస్తారు కదా' అని మీకు అనిపించవచ్చు. వీడియోల వాళ్లు లెక్క కట్టేదీ ఇలాగే. ఈ ఫిర్యాదులు వినే జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర, తీర్పు చెప్పే ప్యానలిస్టు ఒక్కరే అయితే, ఐదు పేర్ల దాకా ఫిర్యాదు రుసుం 1,500 డాలర్లు. మన లెక్కలో లక్షా ఇరవై వేల పైమాటే, వకీలు ఫీజు వేరు. అది చూసి చడీచప్పుడు లేకుండా కొంత ఇచ్చి తీసుకున్న కంపెనీలు అసలే లేవని అనను. కానీ పేరున్న కంపెనీ ఒకరికి ఇస్తే రేపు వందమంది వరస కడతారని దానికి తెలుసు. పైగా ఒకే మనిషి పేరు మీదున్న ఐదు డొమైన్లకూ కలిపి ఒకే ఫిర్యాదు, ఒకే రుసుం. ఒకే కంపెనీ పేరుతో మీరు ఎన్ని ఎక్కువ కొంటే వాళ్లకు ఒక్కో పేరుకు అంత చవక. పేర్లు పెరిగేకొద్దీ ఇది పొరపాటు కాదు, అలవాటు అని చెప్పడమూ తేలికే.

డాట్ ఇన్ పేర్లు కొంటే తప్పించుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. నిజానికి అక్కడ ఇంకా బిగువు. డాట్ ఇన్ పేర్ల పట్టికను నడిపే సంస్థకు, అంటే రిజిస్ట్రీకి, ఐఎన్‌డీఆర్పీ అనే సొంత విధానం ఉంది. యూడీఆర్పీలో దురుద్దేశంతో కొనడం, దురుద్దేశంతో వాడడం రెండూ చూపించాలి. ఐఎన్‌డీఆర్పీలో ఏదో ఒకటి చూపిస్తే చాలు. డొమైన్ పోవడంతో పాటు అవతలివాళ్ల ఖర్చులు కట్టమని కూడా తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) చెప్పవచ్చు.

మన కోర్టులకు ఈ రకం కేసు కొత్త కాదు. 1999లోనే బొంబాయి హైకోర్టు ముందుకు రెడిఫ్ అనే వెబ్‌సైటు వాళ్ల కేసు వచ్చింది. అవతలివాళ్లు 'ఇ' బదులు 'ఎ' పెట్టి 'రాడిఫ్' అని తీసుకున్నారు. కోర్టు ఆపేసింది. 2001లో హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పేరుకు దగ్గరగా 'డాక్టర్ రెడ్డీస్ ల్యాబ్ డాట్ కామ్' అని ఒకరు రిజిస్టర్ చేస్తే, ఢిల్లీ హైకోర్టు కంపెనీ పక్షానే నిలిచింది. అన్నిటికంటే ముఖ్యమైనది 2004 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. సత్యం ఇన్ఫోవే అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు తమ పేరులోని అక్షరాలతో 'సిఫీ' అన్న మాట కల్పించుకుని సిఫీనెట్ డాట్ కామ్ లాంటి పేర్లు తీసుకున్నారు. ఇంకొకరు ఒక ఎఫ్ ఎక్కువ వేసి సిఫ్ఫీనెట్ అని తీసుకున్నారు. హైకోర్టులో వీళ్లకు ఊరట దొరికినా సుప్రీంకోర్టులో నిలబడలేదు. డొమైన్ పేరుకు కూడా వ్యాపార నామానికి ఉన్న రక్షణే ఉంటుందని, ఒకరి పేరును తనదిగా చలామణీ చేసుకోవడం అక్కడా కుదరదని ఆ తీర్పు తేల్చింది. మన దేశంలో డొమైన్ల కోసం ప్రత్యేక చట్టం లేదు. అయినా ఆ లోటు మీకు కలిసిరాదు.

అమెరికా కంపెనీల పేర్ల జోలికి అసలే వెళ్లకండి. అక్కడ 1999 నాటి చట్టం ప్రకారం ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా పరిహారం వేయవచ్చు. జాన్ జుకారినీ అనే ఆయన వేల పేర్లు ఇలా పోగేసి, క్లిక్కుకు 10 నుంచి 25 సెంట్ల చొప్పున ఏటా 8 లక్షల నుంచి 10 లక్షల డాలర్ల దాకా సంపాదించాడు. 'జో కార్టూన్' అనే సైటు పేరును తప్పుగా రాసిన ఐదు డొమైన్లకు పేరుకు 10,000 డాలర్ల చొప్పున కట్టమన్న ఉత్తర్వును 2001లో అప్పీలు కోర్టు ఖాయం చేసింది. తర్వాత పిల్లలు టైపు చేసే పేర్లను తప్పు రాసి, వాళ్లను అశ్లీల సైట్లకు మళ్లించినందుకు 2004లో 30 నెలల జైలు పడింది. 2013లో ఫేస్‌బుక్ పేరును వక్రీకరించిన నూటికి పైగా డొమైన్ల కేసులో పరిహారం దాదాపు 28 లక్షల డాలర్లు. నిజామాబాద్‌లో కూర్చుంటే అక్కడి పరిహారం వసూలు చేయడం కష్టమే. కానీ డాట్ కామ్ రిజిస్ట్రీ నడిపే వెరిసైన్ ఉన్నది వర్జీనియా రాష్ట్రంలో. మనిషి దొరకకపోయినా డొమైన్ మీదే అక్కడ దావా వేసి దాన్ని లాగేసుకునే వీలుంది.

ఇదంతా పక్కన పెట్టి, అమ్మకపోయినా ప్రకటనల మీద డబ్బు వస్తుందేమో చూద్దాం. డొమైన్‌ను పార్కింగ్ కంపెనీకి అప్పగిస్తే, దారి తప్పి వచ్చినవాళ్లకు ప్రకటనలు చూపించి వాటా ఇస్తారు. మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి లెక్కే వేద్దాం. మొదటి ఏడాది తగ్గింపు ధర చూసి మోసపోకండి. డాట్ కామ్‌కు వెరిసైన్ తీసుకునే టోకు ధరే 2024 సెప్టెంబరు నుంచి 10.26 డాలర్లు. మీకు డొమైన్ అమ్మే కంపెనీ (రిజిస్ట్రార్) లాభం, జీఎస్టీ కలిపి రెన్యువల్‌కు ఏడాదికి 1,200 రూపాయలు అనుకుందాం, అంటే నెలకు వంద. వచ్చిన వందమందిలో పదిమంది ప్రకటన నొక్కారని, నొక్కినప్పుడల్లా మీ వాటా ఐదు రూపాయలని ఉదారంగా అనుకున్నా, పెట్టుబడి తిరిగి రావడానికే ఒక్కో పేరుకు నెలకు 200 మంది నిజమైన మనుషులు రావాలి. 46 పేర్లకు నెలకు 9,200 మంది. ఏడాది ఖర్చు 55,200 రూపాయలు. స్టాట్స్ పేజీలో కనిపించే సందర్శకుల్లో ఎక్కువమంది మనుషులు కారు, సెర్చ్ ఇంజిన్ల బాట్లు, లోపాలు వెతికే స్కానర్లు.

నెలకు 200 మంది పొరపాటున వచ్చే పేరు మీ దాకా ఖాళీగా ఉండదు. ఇందులో దిగేవాళ్లు పాతికేళ్ల కిందే దిగారు. 2010లో టైలర్ మూర్, బెంజమిన్ ఎడెల్‌మన్ అనే పరిశోధకులు 3,264 ప్రముఖ డాట్ కామ్ సైట్లను చూసి, వాటి మీద అక్షరం తప్పిన డొమైన్లు కనీసం 9,38,000 ఉన్నాయని అంచనా వేశారు. కీబోర్డు మీద పక్కనున్న అక్షరం, ఎగిరిపోయిన అక్షరం, రెట్టించిన అక్షరం, తారుమారైన జంట, మరచిన చుక్క, ఇవన్నీ ప్రోగ్రాములు క్షణాల్లో తయారు చేస్తాయి. గూగుల్ పేరులో ఎల్ పక్కనున్న కె, జి పక్కనున్న హెచ్, ఓ పక్కనున్న ఐ దూర్చిన మూడు పేర్లను 2005లోనే ఒకరి దగ్గర్నుంచి యూడీఆర్పీ కింద తీసుకున్నారు. ఒక ఓ తగ్గినా, ఎక్కువైనా వచ్చే పేర్లు గూగుల్ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు ఖాళీగా దొరికిందంటే, ఆ తప్పు ఎవరూ చేయడం లేదని అర్థం.

పైగా తప్పు టైపు చేసే అవకాశమే తగ్గిపోయింది. రెండు అక్షరాలు కొట్టగానే బ్రౌజర్ మిగతాది పూరిస్తుంది. మందులు కొనేవాళ్లు, బ్యాంకు పని చూసుకునేవాళ్లు ఫోన్లో యాప్ తెరుస్తున్నారు. పేరున్న సైటును పోలిన చిరునామా కనిపిస్తే క్రోమ్ 2019 నుంచి 'మీరు వెళ్లాలనుకున్నది ఫలానా సైటుకేనా' అని అడ్డుపడుతోంది. అడ్డుదారి ఆదాయం మీదా దెబ్బ పడింది. గూగుల్ 2025లో ప్రకటనకర్తలను పార్క్ చేసిన డొమైన్ల నుంచి డిఫాల్ట్‌గా తప్పించింది. కోరి ఎంచుకుంటే తప్ప వాళ్ల ప్రకటన అక్కడ పడకుండా చేసింది.

బ్యాంకు పేరు విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది, అది మీకు తట్టి ఉండకపోవచ్చు. వెబ్ పేజీ ఏమీ పెట్టకపోయినా ఆ డొమైన్‌కు మెయిల్ రావచ్చు. 2011లో భద్రతా పరిశోధకులు పెద్ద కంపెనీల పేర్లలో చుక్క ఒకటి తగ్గించిన డొమైన్లు కొని, వచ్చిన మెయిల్ అంతా పట్టుకునేలా పెడితే ఆరు నెలల్లో 1,20,000 మెయిళ్లు, 20 జీబీ సమాచారం వచ్చి పడింది. అందులో పాస్‌వర్డులు, ఒప్పందాలు, బిల్లులు ఉన్నాయి. మీ రిజిస్ట్రార్ ఉచిత ఈమెయిల్ ఫార్వర్డింగ్ ఇచ్చి, దానిలో 'అన్నీ స్వీకరించు' అని ఉండి ఉంటే, ఎవరో ఖాతాదారుడి కాగితాలు ఈపాటికే మీ ఇన్‌బాక్సులో ఉండొచ్చు. మీకు చెడు ఆలోచన లేకపోయినా చూసేవాళ్లకు అది చెప్పుకోలేరు. ఇక ఆ డొమైన్ మీద ఎవరైనా లాగిన్ పేజీ లాంటిది పెడితే అది ఐటీ చట్టం 66డి కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పార్కింగ్ కంపెనీ తనంతట తాను వేసిన ప్రకటనకు కూడా 'నాకు తెలియదు' అని తప్పించుకోవడం యూడీఆర్పీ ప్యానళ్ల ముందు చెల్లదు.

ఐదో పేరు, ఒక ఎమ్ తగ్గిన అకామడేషన్. ఇది మామూలు మాట, ఎవరి బ్రాండూ కాదు, కాబట్టి చట్టం వైపు నుంచి భయం లేదు. ఇంగ్లిష్‌లో చాలామంది చేసే తప్పే కూడా. అయితే తప్పు స్పెల్లింగుతో ఎవరూ హాస్టల్ బోర్డు రాయించుకోరు. ఒక చిన్న పరీక్ష చేయండి. ఫోన్లో స్నేహితుడికి ఆ పేరు ఒక్కసారి చెప్పి, టైపు చేయమనండి. అతను సరైన స్పెల్లింగే కొడితే, మీ దగ్గర కొన్నవాడి ఖాతాదారులంతా సరైన పేరున్న ఎదుటివాడి దగ్గరకు వెళ్తారన్నమాట. దారి అటే పోతుంది, ఇటు రాదు. కాబట్టి దీన్ని కొనదగ్గవాడు సరైన స్పెల్లింగ్ యజమాని ఒక్కడే. బ్రాండు కాని మాట గనుక అతనికి రాయడంలో తప్పు లేదు. ఆ సైటు నిజంగా నడుస్తుంటే మర్యాదగా ఒక మెయిల్ పంపండి, నాలుగైదేళ్ల రెన్యువల్ ఖర్చుకు మించి అడగకండి. జవాబు రాకపోతే వదిలేయండి.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ మార్చి పెట్టుకున్న ఫ్లికర్ (ఫొటోల సైటు), లిఫ్ట్ (ట్యాక్సీ యాప్) లాంటి పేర్లు చూపించి 'తప్పు స్పెల్లింగే ఫ్యాషన్' అనేవాళ్లున్నారు. ఆ పేర్లకు విలువ వచ్చింది వాటి వెనకున్న వ్యాపారం వల్ల. ఖాళీ డొమైన్‌గా ఉన్న రోజున ఆ స్పెల్లింగుకు అంత ధర ఎవరూ ఇచ్చి ఉండరు.

ఆరోది వేరే జాతి. తిరుపతిని హెచ్ లేకుండా రాసేవాళ్లున్నారు, చేర్చి రాసేవాళ్లున్నారు, ఇద్దరిదీ తప్పు కాదు. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడానికి ఒకే పద్ధతి లేదు. విజయవాడలో వి-డబ్ల్యూ తేడా, గుంటూరులో యు ఒకటా ఓ రెండా, ఆవకాయలో కె ఒకటా రెండా, పచ్చడిలో సి-హెచ్ ఒకసారా రెండుసార్లా. ఇవి పొరపాట్లు కావు, వాడుకలో ఉన్న రూపాంతరాలు. ఫోన్ పరీక్షలో సగంమంది ఇటు కొడతారు. ఊరి పేరు, పక్కన చేసే పని, రెండూ ఎవరి సొత్తూ కావు. నిజంగా ట్యాక్సీ నడిపేవాడికి ఇది పనికొచ్చే పేరే. ధర మాత్రం వేలల్లోనే ఆలోచించండి. ఒక జాగ్రత్త చెప్పాలి. ఇదే ఊరి పేరు పక్కన దర్శనం, సేవ, గది బుకింగ్ లాంటి మాటలు చేర్చకండి. నకిలీ సైట్ల మీద తిరుమల తిరుపతి దేవస్థానం పోలీసులకు ఫిర్యాదులు ఇచ్చింది, భక్తులు డబ్బు పోగొట్టుకున్నారు. వాళ్ల అధికారిక సైటు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ కింద ఉంటుంది, ఆ చివర బయటివాళ్లకు దొరకదు.

ఇలాంటి రూపాంతరం కొనేముందు భారత మేధో సంపత్తి కార్యాలయపు ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో చూడండి, ఉచితం. అందులో స్పెల్లింగ్‌ను బట్టి వెతికే 'వర్డ్‌మార్క్'తో పాటు ఉచ్చారణను బట్టి వెతికే 'ఫొనెటిక్' కూడా ఉంది. మీకు రెండోదే ముఖ్యం. మొత్తం 45 వర్గాలున్నాయి, మీ పేరుకు దగ్గరైన రంగాలన్నిటిలో వెతకండి. రిజిస్టర్ కాకపోయినా ముందునుంచి వాడుతున్నవాళ్లకు హక్కు ఉంటుంది కాబట్టి మామూలు సెర్చ్‌లోనూ చూడండి. ఆటోమేటిక్ వాల్యుయేషన్ సైట్లు చూపించే డాలర్లను నమ్మకండి. వాటి అంకె ట్రేడ్‌మార్క్ చిక్కులను చాలాసార్లు లెక్కలోకి తీసుకోదు, అందుకే బ్యాంకు తప్పు స్పెల్లింగుకూ వేల డాలర్లు చూపించవచ్చు.

ఇక మీరు చేయాల్సింది. ఈ రాత్రే రిజిస్ట్రార్ ఖాతాలోకి వెళ్లి ఆ నాలుగు పేర్లకు పార్కింగ్, ఈమెయిల్ ఫార్వర్డింగ్, 'అమ్మకానికి' లిస్టింగ్ మూడూ తీసేయండి. ఆటో రెన్యువల్ ఆపండి. కొని ఐదు రోజులు దాటకపోతే రద్దు చేసి డబ్బు వాపసు ఇచ్చే రిజిస్ట్రార్లు కొందరున్నారు, అడగండి. దాటితే మందుల దుకాణం, షాపింగ్ సైటు పేర్లను డిలీట్ చేయించండి. బ్యాంకు పేరును మాత్రం ఊరికే వదిలితే రేపు మోసగాడి చేతికి పోవచ్చు. ఆ బ్యాంకు సైటులో మోసాల ఫిర్యాదుకు ఇచ్చిన చిరునామాకు రెండు వాక్యాలు రాయండి: ఈ డొమైన్ నా దగ్గర ఉంది, ఉచితంగా బదిలీ చేస్తాను, ఖర్చులు కూడా అవసరం లేదు. అంకె ఏదీ రాయకండి. కొన్న 60 రోజుల దాకా మరో రిజిస్ట్రార్‌కు మార్చడం సాధారణంగా కుదరదు, అదే రిజిస్ట్రార్‌లో ఖాతా నుంచి ఖాతాకు మార్చవచ్చు. ఆ తర్వాతైతే లాక్ తీసి, ఆథరైజేషన్ కోడ్ ఇస్తే సరిపోతుంది.

ఈలోగా యూడీఆర్పీ నోటీసు వస్తే కంగారుపడకండి, పారేయకండి కూడా. జవాబుకు 20 రోజుల గడువుంటుంది. బదిలీకి అంగీకరిస్తున్నానని రాయండి. ఆ విధానంలో డొమైన్ పోతుందే తప్ప జరిమానా ఉండదు. నోటీసు చూశాక డొమైన్‌ను ఇంకొకరి పేరుకు మార్చడం, హూయిజ్ (డొమైన్ యజమాని ఎవరో చూపే నమోదు) వివరాలు సవరించడం మాత్రం చేయకండి. మీ పేరు దాచే ప్రైవసీ సర్వీసు ఉంది కదా అనుకోకండి, ఫిర్యాదు వచ్చినప్పుడు రిజిస్ట్రార్ మీ పేరు ఇచ్చేస్తాడు.

ఇంకొకటి. మీ పేర్లు ఎక్కడైనా అమ్మకానికి పెట్టి ఉంటే, 'మా క్లయింటు 8,000 డాలర్లు ఇస్తాడు, ముందు మీరు ఫలానా చోట వాల్యుయేషన్ సర్టిఫికెట్ తీసుకోండి' అని మెయిల్ రావచ్చు. ఆ సర్టిఫికెట్ రుసుమే వాళ్ల వ్యాపారం. నిజమైన కొనుగోలుదారుడు మీ చేత ఏమీ కొనిపించడు, డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) పెట్టి డొమైన్ అడుగుతాడు.

మిగిలిన యాభై వేలలో కొంత తీసి, తిరుపతి ట్యాక్సీ పేరు మీద ఒక పేజీ, ఒక ఫోన్ నంబరు పెట్టి, అక్కడ కార్లు నడిపే ఎవరికైనా నెలవారీ అద్దెకు ఇవ్వగలరేమో చూడండి. అతను సరేనంటే, హెచ్ లేని రూపం కూడా ఖాళీగా ఉందేమో వెతికి, ఉంటే కొని ఇదే పేజీకి మళ్లించండి.